షాలిని ఫొటోకు జాలి చాలలేదు

ఇకపై ఈ దేశంలో జాలి కూడా పద్ధతి ప్రకారమే కలుగుతుంది. 'దయాసేతు' అనే విరాళాల యాప్ నంద్యాలలో శాఖ తెరిచి, మేడమీది గదిలో ప్రేమ్ సాగర్‌ను 'జాలి నిర్ధారణ అధికారి'గా కూర్చోబెట్టిన నాడే ఆ సంగతి ఖాయమైపోయింది.

ఆళ్లగడ్డ బడిలో పిల్లలకు వంట చేసే నిర్మల ఆ మెట్లెక్కింది. ఆమె ఏడేళ్ల కూతురు షాలిని మీద నిరుడు మసిలే నీళ్లు పడ్డాయి. గాయం మానింది గానీ, మెడ చర్మం బిగుసుకుపోయి గడ్డం రొమ్ముకు అతుక్కుంది. ఆపరేషన్ చేస్తే తల లేస్తుందన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు విరాళాలు కావాలి. విరాళాలకు ఫొటో కావాలి.

ప్రేమ్ సాగర్ ఫొటో చూసి పెదవి విరిచాడు. "పాప తలెత్తి నేరుగా కెమెరాలోకి చూడల్లమ్మా. రూలు."

"తలెత్తగలిగితే ఈడికెందుకొస్తానన్నా?"

(ఈ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.)

ఆళ్లగడ్డలో ఫొటో స్టూడియో నడిపే ఉస్మాన్ ఉపాయం తెలిసినవాడు. కెమెరా పట్టుకుని నేలమీద వెల్లకిలా పడుకుని, పాప ముఖం కిందికి జరిగాడు. అంత పెద్ద మనిషి తన కాళ్లకాడ పాకులాడుతుంటే షాలిని కిలకిలా నవ్వింది. ఫొటో అద్భుతంగా వచ్చింది. రెండు రోజుల్లో తిరిగి కూడా వచ్చింది: 'నేరుగా చూస్తున్నది. కానీ నవ్వుతున్నది. దుఃఖం నలభై శాతం. కనీస అర్హత డెబ్బై.'

నిర్మల బిడ్డను మళ్లీ స్టూడియోలో నిలబెట్టింది. "ఏడువ్ పాపా, ఒక్క నిమిషం."

"ఏడిస్తే తల లేస్తాదా మా?"

నిర్మల బిడ్డ ముందు కూలబడి, ఏడాదిగా అదిమిపెట్టుకున్న ఏడుపంతా ఏడ్చేసింది. షాలిని అమ్మ చెంపలు తుడిచింది. ఉస్మాన్ ఇద్దరినీ కలిపి ఫొటో తీశాడు. యాప్ తొంభై రెండు శాతమిచ్చి ఆమోదించింది. (దుఃఖం ఎవరిదై ఉండాలో నిబంధనల్లో రాయడం మరిచారు.)

విరాళాలు చేరాయి. ఆపరేషన్ అయింది. కట్లు విప్పిన రోజు షాలిని మెల్లగా తలెత్తి, "మా, ఫ్యాను మీద ఎంత దుమ్ముందో చూడు!" అంది. అంత అందమైన దుమ్మును నిర్మల ఎన్నడూ చూడలేదు.

డాక్టరు మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు: బిడ్డ పెరుగుతుంది, అతికిన చర్మం అంతగా పెరగదు, రెండేళ్లకు ఇంకో ఆపరేషన్ తప్పదు.

నిర్మల మళ్లీ నంద్యాల బస్సెక్కింది. ప్రేమ్ సాగర్ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, చెప్పిందంతా మర్యాదగా విన్నాడు.

"ఒక బిడ్డకు ఒకసారే జాలి, తల్లీ. రెండోసారికి వేరే బిడ్డను తీసుకరావల్ల."