పీకేసిన గొట్టాల వల్ల కలిగే సుఖాలు

బండి మూత కింద ఉండే సామానులో సగం బండి యజమానికి పనికిరాదు. అది వెనక నడిచేవాళ్ళ కోసం, పక్కింటివాళ్ళ కోసం, మనం ఎన్నడూ మొహం చూడని మనుషుల కోసం పెట్టినది. సొంత డబ్బుతో డీజిలు పోసుకుని, ఊళ్ళోవాళ్ళ ఊపిరితిత్తులను మనమెందుకు మోసుకు తిరగాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు ష్కోద్ర పట్నంలో దొరకకపోవడం వల్ల, పోయిన అక్టోబరులో పాష్కో తన వ్యానును తేలిక చేయించుకున్నాడు.

పాష్కోకు యాభై ఏడేళ్ళు. ష్కోద్రకూ లెజెకూ మధ్య పది సీట్ల వ్యాను తిప్పుతాడు. ఒక మంగళవారం దారిలో బుషాట్ అనే ఊరు దాటగానే ఇంజను గట్టిగా ఒకసారి మూలిగి, మరి మాట్లాడలేదు. మెకానిక్ లూక్ తుక్కు కొట్టునుంచి ఒక పాత జర్మన్ కారు ఇంజను పట్టుకొచ్చాడు. వ్యాను కొత్తది, ఇంజను పాతది. దీని గొట్టాలు దానికి సరిపోవు, దాని పైపులు దీనికి అందవు. చాదస్తపు మెకానిక్ అయితే వారం రోజులు తల పట్టుకునేవాడు. లూక్ తెలివైనవాడు. మధ్యాహ్నం భోజనంవేళ లోపే తేల్చేశాడు.

"బాబాయ్, ఇదేంటో తెలుసా?" అని ఒక ఇనుప గొట్టం చూపించాడు. "వదిలిన పొగని మళ్ళీ ఇంజను నోట్లోనే పోసేది. నువ్వు మూతి తుడుచుకున్న గుడ్డ నీకే నమలమని పెడితే ఎలా ఉంటుంది?"

"ఛీ."

"పీకెయ్యనా మరి?"

"పీకెయ్."

తర్వాత పొగగొట్టం మధ్యలో మసి పట్టే డబ్బా పోయింది. దాని వల్ల ఇంజనుకు ఊపిరాడదట. ఆ తర్వాత సేమ్యాలా అల్లుకున్న సన్నటి రబ్బరు గొట్టాల వంతు వచ్చింది.

"ఇవెందుకురా?" అన్నాడు పాష్కో.

"వాక్యూమ్ పైపులు. ఇంజను ఇటు గాలి లాగితే అటు ఏదో పని జరుగుతుందంటారు. ఒకదానికి చిల్లు పడిందంటే ఎక్కడో వెతకడానికి నాకు రెండు రోజులు. లేని పైపుకి చిల్లు పడదు కదా."

ఆ మాటలోని వేదాంతం పాష్కోను కదిలించింది. జీవితంలో సగం బాధలకు ఇదే మందని తోచింది. మిగిలిన కన్నాల్లో లూక్ బోల్టులు దూర్చి, పైన టేపు చుట్టి, చేతులు తుడుచుకున్నాడు.

బండి లేచిందండీ, ఏమని చెప్పాలి! మునుపు రెండో గేరులో ఏడుస్తూ ఎక్కే మిట్టను మూడో గేరులో ఈల వేసుకుంటూ ఎక్కింది. అద్దంలో చూస్తే పొగలో వెనక రోడ్డు కనబడలేదు. రోడ్డే కాదు, రోడ్డు పక్క చర్చి కూడా కనబడలేదు. దానివల్ల ఇంకో లాభం, వెనకనుంచి ఎవరూ దాటిపోవడానికి సాహసించలేదు.

చిన్న విశేషం ఆ సాయంత్రం బయటపడింది. ఇంటి వాకిట్లో బండి ఆపి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఇంజను ఆగలేదు. మళ్ళీ పెట్టి మళ్ళీ తీశాడు. ఆగలేదు. లూక్‌కు ఫోను చేశాడు.

"ఓ, అదా," అన్నాడు లూక్. "ఆ ఇంజన్ని ఆపేది వాక్యూమ్ పైపే. మూతెత్తి చూడు, పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే చచ్చినట్టు ఆగుతుంది."

ఆగింది. అయితే ఆపాలన్నప్పుడల్లా దిగాలి, మూతెత్తాలి, కాలుతున్న ఇనుము మధ్య చెయ్యి పెట్టాలి. మొదటివారం పెట్టాడు. రెండోవారం వేలు కాలింది. మూడోవారం నుంచి ఆపడమే తగ్గించేశాడు. పొద్దున్న ఆరింటికి బండి మొదలెట్టి, అది వాకిట్లో దడదడలాడుతుంటే లోపల తీరిగ్గా కాఫీ తాగేవాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినా అంతే. ఇంజను వెచ్చగా ఉంటుంది, మనిషికి శ్రమ తప్పుతుంది. ఇంతకంటే సదుపాయం ఏ దేశంలో ఉందో చెప్పండి.

అతని భార్య దిలా వంటింట్లో ఉంటుంది. వంటింటి కిటికీ వాకిట్లోకి ఉంటుంది. నవంబరులో ఆమెకు దగ్గు పట్టుకుంది.

"చలికాలం," అన్నాడు పాష్కో.

డిసెంబరులో ఆరేసిన దుప్పట్లు బూడిదరంగుకు తిరిగాయి. "సబ్బు మంచిది కాదు," అన్నాడు. జనవరిలో ఆమె ఉల్లిపాయ తరుగుతూ మధ్యలో కత్తి కింద పెట్టి, గోడకు ఆనుకుని, ఊపిరి కోసం నిలబడింది. ఆ రోజే అతను లెజెలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర ఆమెకు అపాయింట్‌మెంటు తీసుకున్నాడు.

డాక్టరు దగ్గరికి బయల్దేరిన రోజు దిలా ముందు సీట్లో కూర్చుంది. వెనక ఏడుగురు ఎక్కారు. వాళ్ళలో ప్రెండా అనే ఆవిడ వారం వారం చీజ్ డబ్బాలు సంతకు తీసుకెళ్తుంది. లెజె ముందు దిగుడులో పాష్కో బ్రేకు మీద కాలు వేశాడు. బండరాయి మీద వేసినట్టుంది. లూక్ దూర్చిన బోల్టు ఒకటి ఊడిపోయింది. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ అంతా ఆ కన్నంలోంచి పోయింది.

"తమ్ముడూ, నిదానం," అంది ప్రెండా. కాసేపాగి, "తమ్ముడూ?" అంది.

పాష్కో రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి, చేతిబ్రేకు వేరుతో సహా పెరికినట్టు లాగాడు. వ్యాను కూడలిలోని పూలమడిలోకి ఎక్కి నిలిచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక చీజ్ డబ్బా మాత్రం ప్రెండా ఒళ్ళో ఖాళీ అయింది. పాష్కో అలవాటుగా తాళంచెవి తీశాడు. ఇంజను పూలమడిలో నిలబడి నిక్షేపంలా ఆడుతూనే ఉంది.

పోలీసాయన వచ్చాడు. "ముందు ఇంజను ఆపు."

"తాళానికి ఆగదు సార్."

"ఆగకపోవడమేమిటి? ఇదేమన్నా నదా?"

ప్రెండా ఒళ్ళు దులుపుకుంటూ దిగి, "ఆగేది ఆగదు, ఆపేది ఆపదు. మంచి బండే కొన్నావు తమ్ముడూ," అని మిగిలిన డబ్బాలు లెక్కపెట్టుకుంది.

డాక్టరు దగ్గరికి ఇద్దరూ నడిచే వెళ్ళారు. సందు మలుపులో దిలా రెండుసార్లు ఆగింది. రెండోసారి పాష్కో ఆమె సంచీ తీసుకున్నాడు. డాక్టరమ్మ ఒక గొట్టంలోకి ఊదించింది. వచ్చిన అంకె చూసి మొహం చిట్లించింది.

"ఇంట్లో పొగతాగేవాళ్ళు ఉన్నారా?"

"మా ఇంటావంటా లేదమ్మా," అన్నాడు పాష్కో గర్వంగా.

దిలా ఊపిరి కూడదీసుకుంది. "ఒకరున్నారు డాక్టరమ్మా. పొద్దున్న ఆరింటికే మొదలెడతారు. సరిగ్గా నా వంటింటి కిటికీ కింద నిలబడి తాగుతారు. తాళంచెవి జేబులో వేసుకున్నా మానరు."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. పాష్కోకు అయింది.

మర్నాడే లూక్ దగ్గరికి వెళ్ళాడు. "అన్నీ తిరిగి పెట్టు."

"పెట్టడం, పీకడం ఒకటి కాదు బాబాయ్," అన్నాడు లూక్. "పీకడానికి ఏది ఎందుకుందో తెలియక్కర్లేదు."

పదకొండు రోజులు పట్టింది. పాష్కో తనే దుర్రెస్ దాకా పోయి మసి డబ్బా వెతికి తెచ్చాడు. బండి కింద పడుకుని టార్చి పట్టుకున్నాడు. ఒక్కో సన్న గొట్టం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో లూక్‌తో పాటు తనూ నేర్చుకున్నాడు. బండి మిట్ట దగ్గర మళ్ళీ రెండో గేరుకు దిగింది. దిలా దగ్గు మాత్రం అంత తొందరగా దిగలేదు. మార్చి చివరికి పొద్దుటి పూటకు పరిమితమైంది.

ఏప్రిల్‌లో ఏడాది తనిఖీ వచ్చింది. దిలా కూడా బయల్దేరింది. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేవకుండానే ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. పాష్కో వెళ్ళి మూతెత్తాడు.

"మూతెందుకు తీశావు పెద్దాయనా?"

"చూడండి సార్. అన్నీ ఉన్నాయి."

"నేను అడిగానా?"

"అడగలేదు. అందుకే చూపిస్తున్నా."

"చూస్తే రాయాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు, నచ్చజెప్పే గొంతుతో. "నీ వెనక తొమ్మిది బళ్ళున్నాయి. నేను భోజనానికి ఇంటికెళ్ళాలి."

"రాయండి సార్. కష్టపడి పెట్టించాను."

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి లేచాడు. కళ్ళద్దాలు వెతుక్కున్నాడు. గొట్టాలను చూశాడు, డబ్బాను చూశాడు, చివరికి ఇంజను మీద చెక్కిన నంబరు చూశాడు. కాగితాల్లో నంబరు చూశాడు. రెండూ కలవలేదు. ఎలా కలుస్తాయి, ఇంజను వేరేదయ్యె.

"చూశావా," అన్నాడు జాలిగా. "చూడకపోతే బాగుండేది."

ఆ రోజు తొమ్మిది బళ్ళు పాసయ్యాయి. వాటిలో ఏడింటికి లూక్ చెయ్యి తగిలిందని ఊరందరికీ తెలుసు. ఒక్కదానికీ మూత లేవలేదు. పాష్కో బండిని పక్కకు తోలి, ఫెయిలైన కాగితం మడిచి ముందు సీట్లో ఉన్న దిలా చేతికిచ్చాడు. ఆమె చదివి, అతని మోచేతికంటిన గ్రీజు తన రుమాలుతో తుడిచింది.

చివరి వ్యాను వాళ్ళ పక్కనుంచి పోతూ నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి, "కొత్తవాడివా పాష్కో? అక్కడ మూత తీస్తారా ఎవరన్నా?" అన్నాడు.

అని గేరు వేసి, నల్లటి పొగ వదులుతూ బండిని ముందుకు దూకించాడు. దిలా అద్దం పైకెత్తుకుంది.