ధ్యాస నిలవకపోవడం ఎంత అదృష్టమో!

ధ్యాస నిలవని పిల్ల ఇంట్లో ఉంటే వ్యాయామం, వినోదం, ఉత్కంఠ అన్నీ ఉచితం. మీ ఇంట్లో అలాంటి పిల్ల లేదా? అయ్యో పాపం, రోజులు ఎలా గడుపుతున్నారండీ!

మా ఇంట్లో ఉంది. ఎనిమిదేళ్లది. అందరం తూనీగ అంటాం. ఒకచోట వాలితే కదా అసలు పేరు పెట్టి పిలవడానికి!

స్కూలుకు టైమైంది, చెప్పులు వేసుకోమంటాను. ఒకటి వేసుకుంటుంది. రెండోది వెతకడానికి మంచం కింద దూరుతుంది. అక్కడ పాత బొమ్మ దొరుకుతుంది. బొమ్మకు స్నానం చేయించాలి కదా మరి! బాత్రూములో కుళాయి తిప్పుతుంది. తిప్పిందో లేదో కిటికీలో పిల్లి కనబడుతుంది. ఈలోగా బస్సు వచ్చి, హారన్ కొట్టి కొట్టి, విసుగెత్తి వెళ్లిపోతుంది. వెనక మేమిద్దరం పరుగో పరుగు! జిమ్ముల్లో డబ్బు కట్టి పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు జాలి. వాళ్లు ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉంటారు. మేం బస్సు వెనక అద్దం దాకా అయినా చేరతాం.

అలాగని దేని మీదా నిలవదా? అదేం లేదు. నా గుండీల డబ్బా ఇస్తే రంగులవారీగా సర్దుతూ అన్నం కూడా అడగదు. ఇష్టమైతే కొండను కదిలించొచ్చు గానీ దాన్ని కదిలించలేం. ఇష్టం లేనిదైతే కూర్చోబెట్టేసరికి నాకు చెమటలు.

ఈ అదృష్టం దానికి ఎక్కణ్నుంచి వచ్చిందంటారా? నేను ఇంట్లో బట్టలు కుడతాను. గుడ్డ మడతపెట్టి చొక్కా చేతులు రెండూ ఒకేసారి కత్తిరించాలి, అప్పుడే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తుంది. ఈమధ్య మందుల షాపాయన చొక్కాకు ఒక చెయ్యి కత్తిరించగానే పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. పాలు దించాక మొక్కలు వాడినట్టు కనిపించాయి. నీళ్లు పోసొచ్చి రెండోది విడిగా కత్తిరించాను. రెండూ ఎడమ చేతులే! ఆయన తొడుక్కుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "ఏంటమ్మా, ఈ పక్క వెనక్కి లాగుతోందీ?" అన్నాడు.

"కొత్త ఫ్యాషనన్నయ్యా. ఛాతీ ముందుకొస్తుంది" అన్నాను.

నమ్మి పట్టుకెళ్లాడు. ఇప్పుడు వీధిలో ఎంత ఠీవిగా నడుస్తున్నాడో! నా ధ్యాస నిలిచుంటే ఆయనకు ఆ దర్జా దక్కేదా?

ఇక సంసార సుఖం సంగతి. మా ఆయన మీద కోపంగా గొంతెత్తుతాను. సగంలో ఎందుకెత్తానో మరిచిపోతాను. "ఇంతకీ నేనేం చేశానే?" అని ఆయన అడిగితే, "నాకేం తెలుసు, మీకే తెలియాలి" అంటాను. పాపం, ఇప్పటిదాకా చేసినవన్నీ ఆయనే ఒప్పుకుంటాడు.

ఇంత మేలైన గుణానికి లోకంలో ఒక్కటే చిక్కు. అది ఎవరికి ఉందన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. పెద్ద ఆఫీసరు పిలిచినా పలక్కపోతే, సారు ఆలోచనలో ఉన్నారు అంటారు. మా తూనీగ పలక్కపోతే, మొద్దు! పేరెంట్స్ మీటింగులో క్లాసు టీచరు ఫోనులో వేలు ఆడిస్తూనే, "మీ పాపకి బొత్తిగా ధ్యాస లేదండీ. ఎంత చెప్పినా మన మొహం చూడదు" అంది, నా మొహం చూడకుండా. "వచ్చే ఏడాదికి వేరే స్కూలు చూసుకోండి."

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు ఒక్క మాటలో తేల్చేశారు. "చదువు ఎక్కని పిల్లకి స్కూలెందుకే? నీ మిషను పక్కన కూచోబెట్టు."

"ఒకసారి డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా."

"దేనికీ? నిక్షేపంలాంటి పిల్లకి లేనిపోని జబ్బు అంటగడతావా? నలుగురూ వింటే నవ్వుతారు!"

చూశారా? పిల్లకు ఏమీ లేదు, కాబట్టి డాక్టరు వద్దు. పిల్లకు చదువు రాదు, కాబట్టి స్కూలూ వద్దు. రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో! నాలాంటి ధ్యాస లేనిదానికే ఇది అర్థమైందంటే చూడండి.

మా ఆయన్ను బతిమాలి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పిల్లతో ఆడింది, మాట్లాడింది, మమ్మల్ని తిరగేసి మరగేసి అడిగింది. చివరికి ఇంగ్లీషు అక్షరాలేవో నాలుగు చెప్పి, "ఇది పొగరూ కాదు, బద్ధకమూ కాదు, మీ పెంపకం తప్పూ కాదమ్మా. మెదడు పనిచేసే తీరే అంత. ఒక్కోసారి ఒక్క పనే చెప్పండి. కాసేపటికోసారి లేచి తిరగనివ్వండి. క్లాసులో ముందు బెంచీలో కూచోబెట్టమనండి" అంది. "మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

మా ఆయన మెల్లగా నావైపు తిరిగాడు, అంతే. తూనీగ మాత్రం కుర్చీలోంచి ఎగిరి, "అమ్మకి! ఇవాళ నా గౌను తిరగేసి తొడిగింది!" అని చూపించింది.

డాక్టరమ్మ నవ్వి, "మరి మీరెలా నెట్టుకొచ్చారమ్మా ఇన్నాళ్లూ?" అంది. గౌను సరిచేసే వంకతో నేను తల వంచుకున్నాను.

ముందు బెంచీ మాట టీచరు చెవిన వేశాను. "అవి ర్యాంకు పిల్లలకండీ. బాగా చదివితే మీ పాపకీ ఇస్తాం" అంది. ముందు బాగా చూడు, ఆ తర్వాత కళ్లజోడు ఇస్తాం అన్నట్టు!

అందుకే రేపు హెడ్మిస్ట్రెస్ గదికే వెళ్తున్నాను. అత్తగారికి ఏ బెంగా లేదు. "నువ్వు గేటు దాటేలోగా ఎందుకొచ్చావో మరిచిపోతావులే" అంటున్నారు. ఆవిడ ధీమా ఆవిడది. గొడుగు మరిచిపోతాను, తాళంచెవి మరిచిపోతాను, చెయ్యి కుడిదో ఎడమదో మరిచిపోతాను. కానీ ఈ అదృష్టం నన్ను ఒక్కచోట దగా చేసింది. ఏడో తరగతి, చిట్టచివరి బెంచీ. నాన్న గుమ్మంలో నిలబడి, "దీనికి చదువెక్కదు మాస్టారూ, తీసుకుపోతున్నా" అన్నాడు. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. జవాబు ఎంతో చూడకుండానే లేచొచ్చాను.

ఆ లెక్కలో ఒక్క అంకె కూడా నేను మరిచిపోలేదు.