ఒక్క క్లిక్కులో మామగారి గొంతు

ఆ ఉదయం చేయాల్సిన పని చిన్నదే. మామగారి సంతాప సభలో ఆయన గొంతు వినిపించాలి. మామగారు మోటార్లు బాగుచేసే మనిషి. పాడైన మోటారు దగ్గర గంటలు గంటలు కూర్చునేవారు కానీ, మనుషులతో నాలుగు మాటలకు మించి మాట్లాడేవారు కాదు. ఆపరేషన్‌కు వెళ్ళేముందు కూతురికి ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు: "భయపడకమ్మా, సాయంత్రం నేనే ఫోన్ చేస్తా." ఆ సాయంత్రం ఫోన్ చేసింది ఆసుపత్రి వాళ్ళు. ఆ గొంతును కూతురు కంప్యూటర్లోకి ఎక్కించుకున్న రెండు రోజులకే ఆమె ఫోన్ నీళ్ళలో పడి చచ్చింది. ఆయన ఫోన్ ఆసుపత్రి హడావిడిలోనే పోయింది. ఇక ఆయన మాట లోకంలో మిగిలింది ఆ కంప్యూటర్లోనే. కంప్యూటరేమో అల్లుడి చేతిలో ఉంది.

"హాల్లో మైకతను ఫోన్ చేశాడు. ఎమ్‌పీత్రీ అయితేనే వాళ్ళ డబ్బాలో వినబడుతుందట," అంది భార్య చెప్పులు వేసుకుంటూ. "మీ తెలివితేటలేవీ చూపించకండి. ఉన్నదున్నట్టు మార్చి ఇవ్వండి, చాలు."

"ఎంతసేపు? రైట్ క్లిక్ కొడితే అయిపోతుంది."

ఆ రైట్ క్లిక్ అల్లుడి జీవితంలో పెద్ద విజయం. ఆడియో ఫైలును మార్చడానికి ఒక ప్రోగ్రామూ, దానికి పేరూ ఫొటో తగిలించే ట్యాగ్ కోసం ఇంకో ప్రోగ్రామూ తెరవడం అతనికి నామోషీ. రెండింటినీ లాక్కొచ్చి ఫైల్ మేనేజర్ మెనూలో కట్టేశాడు. రైట్ క్లిక్ చేస్తే "అన్నీ చేసెయ్" అని కనబడుతుంది. అది నొక్కితే ఫైలు ఎమ్‌పీత్రీ అవుతుంది, ట్యాగ్‌లో రాసిన పేరే ఫైలుకూ వస్తుంది, పాతది చెరిగిపోతుంది. ప్రతిదానికీ "నిజంగానా?" అని కంప్యూటర్ అడగడం అతనికి చిరాకు. ఆ ప్రశ్న పీకేశాడు. చోటు దండగని, చెరిపినవి చెత్తబుట్టలోకి కూడా పోకుండా చేశాడు.

భార్య తొందరపెడుతోంది. చెయ్యి జారి క్లిక్కు ఫైలు మీద కాక ఫోల్డర్ మీద పడింది. ఇంట్లో ఏళ్ళ తరబడి పోగైన రికార్డింగులన్నీ అందులోనే ఉన్నాయి. అల్లుడు "నాన్నగారి చివరి మాట" అని పేరు కొట్టి, మామగారి ఫొటో తగిలించి, కానిచ్చాడు. ప్రతి రికార్డింగుకూ అదే పేరొచ్చింది. ఒకే పేరున్నవి ఒకచోట ఉండలేవు కాబట్టి ప్రతిదీ తన ముందుదాన్ని తుడిచేసి దాని చోట్లో కూర్చుంది.

"అంత చిన్న మెసేజ్‌కి ఇంతసేపా?"

"క్వాలిటీ కావాలంటే టైం పడుతుంది మరి."

మామగారి ఫొటోతో ఫైలు కనబడింది. చుట్టుపక్కల ఏం మాయమయ్యాయో చూసే తీరిక లేదు. ఒకసారి విని చూద్దామనుకునేసరికి భార్య గుమ్మం దాటేసింది. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, జేబులో వేసుకుని పరుగెత్తాడు.

హాల్లో ముందు వరుసలో అత్తగారు, వెనక వరుసలో మామగారితో షెడ్డులో మోటార్లు విప్పిన పాత మిత్రులు కూర్చున్నారు. తెర మీద మామగారి ఫొటో, కింద "నాన్నగారి చివరి మాట" అన్న అక్షరాలు. మైకతను మీట నొక్కాడు. గర్ర్ మంటూ మోత మొదలైంది. మధ్యమధ్యలో ఢబ్, ఢబ్.

"అయ్యో, ఆసుపత్రి మిషన్! అన్నయ్య ఆఖరి ఊపిరి రికార్డు చేశారే!" అని మామగారి చెల్లెలు గొల్లుమంది. సగం హాలు ఆవిడతో కలిసి ఏడ్చింది. బావమరిది పిడికిళ్ళు బిగించి లేచాడు.

"మా నాన్న చావుని పాటలా వేస్తావా బావా?"

వెనక వరుసలో మాత్రం ఎవరూ ఏడవలేదు. చెవులు రిక్కించి వింటున్నారు.

"బేరింగ్ పోయింది," అన్నాడొకాయన.

"బేరింగ్ కాదు, బెల్టు."

"డ్రమ్ములో ఏదో ఇరుక్కుంది. ఆ ఢబ్ ఢబ్ వినబడట్లేదూ?"

అప్పుడు గుర్తొచ్చింది అల్లుడికి. మామగారు ఆసుపత్రిలో చేరడానికి కొన్నాళ్ళ ముందు ఇంట్లో వాషింగ్ మెషిన్ గోలపెడితే, రిపేరు వాళ్ళకు పంపుదామని ఆ మోత ఫోన్‌లో పట్టింది తనే. పేర్ల వరుసలో ఫోల్డర్లో అన్నిటికన్నా చివర ఉన్నది అదే.

"మరి నాన్న మెసేజ్?" అంది భార్య మెల్లగా.

అతను తల దించుకున్నాడు. తండ్రి రెండోసారి పోయినట్టు ఆమె కుర్చీలో కూలబడింది. తిట్టినా బాగుండేది. కనీసం ఆ మోతైనా ఆపుదామని మైకతని వైపు పరుగెత్తాడు. చెయ్యి మీట మీద పడబోతుండగా, మోతలోంచి ఒక గొంతు గట్టిగా లేచింది.

"ముందు అది ఆపండి అల్లుడుగారూ! మెషిన్ చస్తుంటే ఫోన్ పట్టుకుని నిలబడతారేంటి? అందులో మీ చొక్కా ఇరుక్కుంది. తెలియని మీటలు నొక్కద్దని మీకు ఎన్నిసార్లు చెప్పాలండీ? తప్పుకోండి, నేను చూస్తా. అమ్మాయ్, నువ్వేం భయపడకు. నేనున్నాగా."

మోత ఆగింది.

"నేను చెప్పలా, ఏదో ఇరుక్కుందని!" అన్నారు వెనక వరుసలోంచి.

"ఆయనే. అచ్చం ఆయనే," అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకోసారి వెయ్యి బాబూ. ఆ తిట్టు దగ్గర్నుంచి."

మైకతను మళ్ళీ వేశాడు. చివరి మాట దగ్గర భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. భర్త వైపు మాత్రం చూడలేదు. కాసేపయ్యాక పక్క కుర్చీ మీద పెట్టిన తన సంచీ తీసి అతనికి చోటిచ్చింది.

సాయంత్రానికి బంధువులందరూ కాపీ కావాలన్నారు. కాపీలు భార్యే తీసింది, మౌస్ అతనికి ఇవ్వలేదు. ఇప్పుడు ఏ చుట్టాలింటికి వెళ్ళినా, అల్లుడు కూర్చోకముందే మామగారు తిట్టడం మొదలుపెడతారు.