సుల్తాన్ బీ గేటుకు వేలాడిన రసం సీసా

"నేరస్థుడు ఎంత తెలివైనోడైనా సరే, ఈ సుధాకర్ కండ్ల ముందట తెరిచిన పుస్తకమే!"

ఈ ప్రకటన వెలువడినప్పుడు పొద్దున ఏడయింది. సుధాకర్ లుంగీ మీద, నోట్లో బ్రష్షుతో ఉన్నాడు. వినడానికి భార్య కోమల తప్ప ఎవరూ లేరు. ఆమె మెంతికూర తుంచుతోంది.

"పుస్తకం సంగతి తర్వాత. నురగ నా కూరల పడుతుంది, జర అటు జరుగు" అంది.

సుధాకర్ జరిగాడు. మేధావులను ఇంట్లోవాళ్లు గుర్తించరని అతనికి తెలుసు. బయటివాళ్లు కూడా గుర్తించలేదన్న విషయాన్ని మాత్రం ఎక్కువగా తలుచుకునేవాడు కాదు. కరీంనగర్ బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో ఇరవై ఎనిమిదేళ్లు కూర్చుని రిటైరయ్యాడు. "జిందగీ మొత్తం ఎంక్వైరీలే చేసిన" అని కొత్తవాళ్లకు చెప్పుకునేవాడు. నిజానికి ఎంక్వైరీ చేసింది జనం. "ఆసిఫాబాద్ బస్సు మూడో ప్లాట్‌ఫారం" అని జవాబు చెప్పడమే అతని పని. అది కూడా అప్పుడప్పుడు ఐదో ప్లాట్‌ఫారం అయ్యేది.

డిటెక్టివ్‌గా మారాక రెండు కేసులు చూశాడు. మొదటిది తప్పిపోయిన పిల్లి. అది నాలుగు పిల్లలతో తనంతట తానే ఇంటికొచ్చింది. రెండో కేసులో అతను ప్రాణాలకు తెగించి పట్టుకున్న దొంగ, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషి.

మూడో కేసు ఆ పొద్దున పక్కింటి మోయిజ్ రూపంలో నడిచి వచ్చింది. మోయిజ్‌కు టవర్ సర్కిల్ దగ్గర బట్టల దుకాణం ఉంది. అతని తల్లి సుల్తాన్ బీ కడుపు ఆపరేషన్ అయ్యి వారం కింద ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. మోయిజ్ చేతిలో చిన్న గుడ్డసంచి, అందులో గాజు సీసా, సీసా నిండా నారింజ రంగు రసం ఉన్నాయి.

"అంకుల్, మూడు రోజుల సంది పొద్దుగాల మా గేటుకు ఎవరో గిది తగిలిస్తున్నరు. అమ్మీ నోటికి రొట్టె పోతలేదు, బువ్వ పోతలేదు. గీ జ్యూస్ ఒక్కటే తాగుతుంది. ఎవరో తెలిస్తే ఒక మాట షుక్రియా చెప్దామని..."

"షుక్రియానా!" సుధాకర్ గొంతు తగ్గించాడు. పెద్ద కేసుల్లో గొంతు తగ్గించాలని అతనికి గట్టి నమ్మకం. "మోయిజ్, పేరు చెప్పకుంట, మొహం చూపకుంట, ఎవరైనా ఎవరికైనా ఊకెనే జ్యూస్ ఇస్తరా? ఇది స్లో పాయిజన్."

"మూడు రోజులు తాగింది గదంకుల్. ఏం కాలే."

"అదే దాని స్లో!"

మోయిజ్ మొహం తెల్లబోయింది. దుకాణం తెరిచే వేళవుతోంది. పైగా పెద్దమనిషి అంత గట్టిగా చెబుతున్నాడు. ఇకనుంచి సీసాలన్నీ సుధాకర్ కస్టడీలో ఉంటాయని, కేసు తేలేదాకా సుల్తాన్ బీకి ఒక్క ముక్క చెప్పకూడదని, ఆమెకు బయటి జ్యూస్ కొనివ్వాలని అక్కడికక్కడే తీర్మానమైంది.

సీసాను సుధాకర్ వంటింటి గట్టు మీద పెట్టి భూతద్దంతో చూశాడు. కోమల మూత తీసి వాసన చూసింది.

"క్యారెట్, సంత్ర. ఇంత అల్లం. నీళ్లు పొయ్యలే, చక్కెర వెయ్యలే. మిక్సీల కూడ తిప్పలే."

"గదెట్ల చెప్తవ్?"

"మిక్సీల వేస్తే నురగొస్తది. ఇది తురిమి, బట్టల కట్టి పిండిన రసం. చేతులు పడిపోతయ్. ఎవరో పాణం పెట్టి చేసిండ్రు."

సుధాకర్ జాలిగా నవ్వాడు. "ఈ కాలంల చేతుల్తోని ఎవరు పిండుతరే! ఇది చప్పుడు గాని విదేశీ యంత్రం పని. అంతర్జాతీయ ముఠా."

పరీక్ష మొదలైంది. మొదట నాలుగు చుక్కలు చీమలకు పెట్టాడు. చీమలు బంధువులను పిలుచుకొచ్చాయి. ఇక మనిషి మీద పరీక్షించక తప్పలేదు. అందుబాటులో ఉన్న మనిషి తానొక్కడే. సుధాకర్ గ్లాసెత్తి, కళ్లు మూసుకున్నాడు.

"కోమలా, నేను పోతున్న."

"పోతే పో గని, వచ్చేటప్పుడు కొత్తిమీర పట్కరా."

తాగాడు. చావలేదు. పైగా చాలా బాగుంది. ఒక్కరోజు పరీక్షతో స్లో పాయిజన్ తేలదు కాబట్టి మర్నాడూ తాగాడు, ఆ మర్నాడూ తాగాడు. తన లక్షణాలను డైరీలో రాసుకున్నాడు: "రెండో రోజు: ఆకలి పెరిగింది. అనుమానాస్పదం. నాలుగో రోజు: ఇరవై ఏళ్లుగా అరగంట పట్టే పొద్దుటి పని ఐదు నిమిషాల్లో ముగిసింది. తీవ్రంగా అనుమానాస్పదం. ఆరో రోజు: నా మొహంలో కళ వచ్చిందని కోమల అన్నది. విషం తలకెక్కుతున్నట్టుంది, నాక్కూడా అలాగే అనిపిస్తోంది."

ఖాళీ సీసాను కోమలతో శుభ్రంగా కడిగించి, పొద్దుగూకే వేళ మళ్లీ మోయిజ్ గేటుకే తగిలించేవాడు. అది ఎర. తెల్లారేసరికి ఎర మాయమై, నిండు సీసా వేలాడుతుండేది. మధ్యలో జరిగేదాన్ని చూడాలని రెండుసార్లు కాపు కాశాడు. మొదటిసారి కుర్చీలో నిద్రపోయాడు. రెండోసారి అలారం సాయంత్రం ఐదింటికి మోగింది.

ఒకరోజు పరామర్శ నెపంతో సుల్తాన్ బీని చూడ్డానికి వెళ్లాడు. మంచం మీద దిండుకు ఆనుకుని ఉందామె. పక్కన కొనుక్కొచ్చిన జ్యూస్ డబ్బా మూత తీసినది తీసినట్టే ఉంది.

"భయ్యా, గేటుకు సంచి గిట్ల కనవడ్డదా?"

సుధాకర్ తడబడ్డాడు. "లేదక్కా. నేను రంగంల దిగిన అని తెల్వంగనే ఆగిపోయింది."

"ఆగిపోయిందా..." అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంటికి నడుస్తుంటే అతనికి మనసులో ఏదో గుచ్చుకుంది. డిటెక్టివ్ గుండె రాయిలా ఉండాలని సర్దిచెప్పుకుని, ఇల్లు చేరి మిగిలిన సగం సీసా తాగాడు.

అనుమానితుల జాబితాలో వాడలోని ఇళ్లన్నీ ఉన్నాయి. ఒక్క పేరు మాత్రం మొదటి రోజే కొట్టేశాడు. అది ఎదురింటి నాగవ్వ పేరు. ఆమె భర్త గోదావరిఖని బొగ్గు గనిలో చేసి రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఒకప్పుడు నాగవ్వకు, సుల్తాన్ బీకి ఒకే కంచంలో తినేంత పొత్తు. రెండేళ్ల కింద నాగవ్వ గారెల పిండికని సుల్తాన్ బీ కొత్త మిక్సీ అడిగి తీసుకుంటే, అది పొగలు కక్కి కాలిపోయింది. "మిక్సీ అనుకున్నవా, బొగ్గు బాయి మిషన్ అనుకున్నవా?" అని నలుగురిలో సుల్తాన్ బీ అనేసింది. ఆ రోజునుంచి మాటల్లేవు. మిక్సీ మొహం మళ్లీ చూడనని ఒట్టు పెట్టుకుని నాగవ్వ తన ఇంట్లో మిక్సీ కూడా కొనలేదు. మిక్సీ లేని ఇంట్లో జ్యూస్ ఎలా తయారవుతుంది? సుధాకర్ తర్కం అది.

పదో రోజు తెల్లవారుజామున అతను మోయిజ్ గేటు పక్కన, నీళ్ల డ్రమ్ము వెనక, దుప్పటి కప్పుకుని మాటు వేశాడు. కన్ను మూసి తెరిచేలోగా వెలుతురొచ్చింది. గేటుకు నిండు సీసా వేలాడుతోంది. తనను తాను తిట్టుకుంటూ సీసా తీశాడు. సాక్ష్యం తాజాగా ఉన్నప్పుడే పరీక్షించాలని అక్కడే మూత తిప్పాడు.

గోడ మీద నుంచి ఒక చెయ్యి వచ్చి సీసా లాక్కుంది.

"దొరికినవ్ బిడ్డా!" అని సుధాకర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి నిండా వెంట్రుకలున్నాయి. పైకి చూస్తే, గోడెక్కి కూర్చున్న గండు కోతి పళ్లికిలించింది. అతను చెయ్యి వదిలేశాడు. కోతి సీసాతో ఒక్క దూకులో దారి దాటి, నాగవ్వ ప్రహరీ ఎక్కి లోపలికి దిగింది.

సుధాకర్ వెంటపడ్డాడు. నాగవ్వ గేటు బార్లా తెరిచే ఉంది. కాని తరుముతున్న డిటెక్టివ్ గోడే దూకాలి కదా! దూకాడు. లుంగీ గోడ మీది మేకుకు చిక్కి అక్కడే ఉండిపోయింది. అదృష్టవశాత్తు లోపల నిక్కరుంది. అతను మాత్రం క్యారెట్ పిప్పి ఉన్న తొట్టిలో కూలబడ్డాడు.

తల ఎత్తితే ఎదురుగా నాగవ్వ. ముందు తురుముపీట, పక్కన కడిగిన క్యారెట్లు, ఒలిచిన సంత్రలు. చేతిలో తడిబట్ట మూట, ఒళ్లో గిన్నె, వేళ్లన్నీ నారింజ రంగు. వెనక గట్టు మీద మూడు గాజు సీసాలు బోర్లించి ఉన్నాయి.

ఇంతా కళ్లారా చూసిన సుధాకర్ ఆయాసపడుతూ అడిగాడు:

"నాగక్కా, ఇటు ఒక కోతి గిట్ల వచ్చిందా?"

నాగవ్వ నోరు తెరిచి చూస్తోంది. "వచ్చింది. జామచెట్టెక్కింది. నువ్వెందుకు వచ్చినవ్ తమ్మీ?"

"అది నా జ్యూస్ ఎత్కపోయిందక్కా! పది రోజుల సంది రోజు పొద్దుగాల తాగుతున్న. ఇయ్యాల ఒక్క గుక్క కూడ తాగలే!"

"నీ జ్యూస్?"

"అదే, సుల్తాన్ బీ గేటుకు తగిలిస్తున్నరు సూడు, అది."

నాగవ్వ చేతిలోని మూట గిన్నెలో జారిపోయింది.

"సుల్తానక్క తాగుతలేదా?"

"నేను తాగనిస్తనా!" అన్నాడు గర్వంగా.

"సీసా కడిగి గేటుకు పెడుతుంటే..." ఆమె బోర్లించిన సీసాల వైపు తిరిగింది. "అక్క తాగింది, నామీద కోపం పోయింది అనుకున్న తమ్మీ. రేపో మాపో పిలుస్తదని రోజు పొద్దుగాల గేటు తీసి పెడుతున్న. ఇయ్యాల ఇంకో సీసా గూడ పెడదామనే గిది పిండుతున్న."

అప్పుడు తెలిసింది సుధాకర్‌కు. తురుముపీట, తడిబట్ట, సీసాలు, ఆ వేళ్లు, అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. ముఠా లేదు, విషం లేదు. రోగి నోటి దగ్గరి ముద్ద లాక్కుని పది రోజులు తాగిన వాడొక్కడున్నాడు. వాడు పిప్పిలో, నిక్కరుతో కూర్చున్నాడు.

నాగవ్వ లేచింది. గిన్నెలో ఉన్న రసాన్ని గ్లాసులో పోసి, చేతులైనా తుడుచుకోకుండా దారి దాటింది. సుధాకర్ లుంగీ లాక్కుని చుట్టుకుంటూ వెనకే నడిచాడు. గుమ్మం దగ్గర ఆమె ఆగిపోయింది.

"ఎవరు?" లోపలినుంచి సుల్తాన్ బీ.

"నేనే. నాగవ్వని."

"ఎందుకు బంద్ చేసినవే?" అంది సుల్తాన్ బీ. "క్యారెట్ల ఇంత అల్లం దంచి పోసేది ఈ వాడల నువ్వొక్కదానివే. తొలి గుక్కకే ఎరుకైంది. చెప్తే మోయిజ్ నీ ఇంటికి ఉరికొస్తడు, నువ్వు సిగ్గువడి ఆపుతవని నోరు మూస్కున్న. తీరా ఆపనే ఆపినవ్. నేనన్న ఆ మాట మల్ల యాదికొచ్చిందేమో అనుకున్న."

"నేను ఆపలే అక్కా. ఒక్క రోజు కూడ ఆపలే."

ఇద్దరూ ఒకేసారి సుధాకర్ వైపు చూశారు. అప్పుడే మోయిజ్ కళ్లు నులుముకుంటూ గదిలోకి వచ్చాడు.

"కేసు తేలిందా అంకుల్? ఎవరు కనిపెట్టిండ్రు, మీరేనా?"

సుధాకర్ అలవాటు కొద్దీ ఛాతీ ముందుకు తెచ్చాడు. సుల్తాన్ బీ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగుతోంది. ఆ మణికట్లు ఎంత సన్నబడ్డాయో అతనికి కనబడింది. ఛాతీ దానంతటదే వెనక్కి పోయింది.

"కోతి కనిపెట్టింది మోయిజ్. నేను దానెన్క ఉరికిన, అంతే."

సుల్తాన్ బీ పొలమారి నవ్వింది. కడుపు పట్టుకుని, "నవ్వియ్యకు భయ్యా, కుట్లు నొస్తున్నయ్" అని మళ్లీ నవ్వింది. నాగవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఇంటికి వెళ్లి క్యారెట్ల గిన్నె, తురుముపీట తెచ్చి సుధాకర్ ముందు పెట్టింది.

"కూసో తమ్మీ. అక్క లేచి తిరిగేదాక రోజు నువ్వే తురుమాలె."

సుధాకర్ తురుముపీట ముందు కూర్చున్నాడు. మూడో క్యారెట్‌కే "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"జర మెల్లగ భయ్యా" అంది సుల్తాన్ బీ, ఖాళీ గ్లాసు నాగవ్వకు అందిస్తూ. "నాకు క్యారెట్ రసం చాలు. వేలు రసం వద్దు."