లేని తమ్ముడు

పద్యం చదవడం ఒంటికి మంచిది కాదు. లాటిన్ పద్యమైతే మరీనూ!

ఊరికే అనడం లేదు. నేపుల్స్‌లో ఏళ్ల తరబడి లాటిన్ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి, పద్యం చదివి పాడైపోయినవాళ్లను కళ్లారా చూశాను. కొందరు ఏడ్చారు. కొందరు ప్రేమించి పెళ్లిళ్లు చేసుకున్నారు. ఒకాయనైతే బంగారంలాంటి ఉద్యోగం మానేసి ఇస్కియా దీవికి వెళ్లి నిమ్మతోట వేసుకున్నాడు. అదే, పద్యానికి రాసిన వ్యాఖ్యానం చదివి ఎవరైనా కంటతడి పెట్టారని విన్నారా? మహా అయితే ఆవలించి ఉంటారు. ఆవలింత వల్ల ఇంతవరకూ ఎవరి సంసారమూ కూలలేదు.

అందుకే పండితులు పద్యానికీ మనకీ మధ్య ఫుట్‌నోట్ల గోడ కట్టారు. ఎంత దయ! కవి వాన కురిసిందంటాడు. మీరూ నేనూ అయితే గొడుగు కోసం వెతుక్కుంటాం. పండితుడు అలా తొందరపడడు. ఏ వాన? అంతకుముందు ఏ గ్రీకు కవి పద్యంలో కురిసిన వాన? అసలు కురిసిందా, కురిసిందని రాయడం ఆనాటి మర్యాదా? ఒక్కో ప్రశ్నకూ ఒక్కో సెమినార్, సెమినార్‌కో భోజనం, భోజనంలో వేయించిన చేపలు, వైన్. ఒక్క చినుకుతో ఇంతమంది కడుపులు నింపడం ఏ రైతు వల్ల అవుతుంది?

మా ప్రొఫెసర్ కప్పియెల్లో గారి సంగతే చూడండి. పేరు కూడా మిగలని ఒక పాతకాలపు కవి రాసిన ఎనిమిది పాదాల పద్యం ఉంది. తమ్ముణ్ణి చితికి అప్పగించి కవి ఇంటికొస్తాడు. అలవాటు కొద్దీ బల్ల మీద రెండు గిన్నెలు పెట్టి వైన్ పోస్తాడు. పోశాక, రెండో గిన్నె తియ్యడానికి అతనికి చెయ్యి రాదు. అంతే పద్యం.

అంతే అని మనం అనుకుంటాం! ప్రొఫెసర్ గారు దాని మీద ఇటుకంత పుస్తకం రాశారు. సారాంశం ఏమిటంటే, తమ్ముడు లేడు. ఏనాడూ లేడు. తమ్ముడంటే పాత కవిత్వశైలి, రెండో గిన్నె అంటే కొత్త శైలి, బల్ల అంటే సంప్రదాయం. జర్మనీలో ఎవరో బల్ల అంటే సంప్రదాయం కాదు, సెనేట్ అన్నాడట. ఆయనతో మా ప్రొఫెసర్ గారికి ఇప్పటికీ మాటల్లేవు.

మా దగ్గర పరీక్షలన్నీ నోటితోనే. తలుపులు బార్లా తెరిచి, అందరి ముందూ అడుగుతారు. మొన్న జూన్‌లో ఇమ్మా అనే అమ్మాయి వచ్చింది. ఆమెకు అదే ఆఖరి పరీక్ష. గట్టెక్కితే తలమీద లారెల్ ఆకుల కిరీటం, చేతిలో పట్టా, కాసెర్తాలో ఒక స్కూల్లో టీచరుద్యోగం. వెనక బెంచీలో వాళ్ల అమ్మమ్మ జపమాల పట్టుకుని కూర్చుంది. ప్రొఫెసర్ గారి పక్కన రెండో పరీక్షకుడిగా నేనున్నాను.

"చెప్పమ్మా, రెండో గిన్నె ఎవరిది?"

"తమ్ముడిది సార్."

"ఏ తమ్ముడు?"

"అదే సార్, చచ్చిపోయాడు కదా. పాపం, ఆ అన్న గిన్నె తియ్యలేకపోతున్నాడు."

అని ఊరుకుందా? ఎవరూ అడక్కుండానే పద్యమంతా కళ్లు మూసుకుని అప్పజెప్పింది. లాటిన్ ముక్క రాని అమ్మమ్మ ముక్కు చీదింది. ప్రమాదం ఎలా పాకుతుందో చూశారా!

"నా పుస్తకం చదివావా?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"పద్యం చదివాను సార్."

"సెప్టెంబరులో రా."

వరండాలో అమ్మమ్మ నా చొక్కా పట్టుకుంది. "ఏం నాయనా, చచ్చినోణ్ణి పట్టుకుని అసలు పుట్టనే లేదంటే పాసు చేస్తారా? ఇదెక్కడి చదువయ్యా! మీ ఇళ్లల్లో ఎవరూ పోలేదా?"

చదువుకోని మనిషి, ఏం చెబుతాం!

ఆగస్టులో ప్రొఫెసర్ గారి తమ్ముడు పోయాడు. రోజూ పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ యూనివర్సిటీ ఎదుటి బారులో నిలబడి కాఫీ తాగేవారు. సెలవుల తర్వాత ఒక పొద్దున అక్కడే చూశాను. ప్రొఫెసర్ గారు ఒక్కరే వచ్చి, "రెండు" అన్నారు. ఒకటి తాగారు. రెండో కప్పు చల్లారిపోయేదాకా దానివంకే చూస్తూ నిలబడ్డారు. శైలుల గురించి ఆలోచిస్తున్నారేమో అనుకుని నేను పలకరించలేదు.

ఆ రోజే ఇమ్మా మళ్లీ వచ్చింది. ఈసారి చంకలో ప్రొఫెసర్ గారి ఇటుక ఉంది.

"రెండో గిన్నె ఎవరిది?" అన్నారాయన నెమ్మదిగా.

"ఎవరిదీ కాదు సార్. తమ్ముడు లేడు. అది కొత్త శైలి." ఊపిరి తీసుకోకుండా జర్మనీ ఆయన్ను కూడా చీల్చి చెండాడింది. నాకు ఆనందబాష్పాలొచ్చాయి.

"లేడని ఎవరు చెప్పారు?"

"మీరే సార్. మొదటి అధ్యాయంలోనే."

ప్రొఫెసర్ గారు కుర్చీలో ముందుకు వంగారు. "జూన్‌లో పద్యం చెప్పావు చూడు. ఒక్కసారి మళ్లీ చెప్పమ్మా."

ఇమ్మా బెదిరిపోయి నావైపు చూసింది. "రాదు సార్."

"అదేమిటి? గడగడా చెప్పావుగా!"

"అప్పుడొచ్చు సార్. ఎండాకాలమంతా మీ నోట్సే బట్టీ పట్టాను. అది కాస్తా పోయింది."

"పోనీ, చూసి చదువు."

"ఆ పుస్తకం తేలేదు సార్. మీదే తెచ్చాను."

ఆయన నావైపు తిరిగారు. "ఏమయ్యా, నీ దగ్గరుందా?"

నా దగ్గరెందుకుంటుంది? నేను పండితుణ్ణి!

చివరికి ఆయన తన పుస్తకమే తెరిచారు. పద్యం అందులో ఉంది, లేదనడానికి వీల్లేదు. ఒక పేజీలో రెండు మాటలు, వాటి కింద నోట్సు. ఇంకెన్నో పేజీల తర్వాత ఇంకో మాట. పేజీలు తిప్పుతూ, పెదాలు కదుపుతూ ఒక్కో మాటా కూడగట్టుకోబోయారు. తమ్ముడు అన్న మాట దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఆ మాట కింద, అతను లేడనడానికి ఆయన చూపించిన రుజువులన్నీ వరసగా ఉన్నాయి.

ఇమ్మాకు ముప్ఫైకి ముప్ఫై, పైన ప్రశంస కూడా వచ్చాయి. కాసెర్తాలో పిల్లలకు తమ్ముడు లేడని చక్కగా చెబుతోందట. ఒక్క పిల్లా ఏడవలేదట. విద్యకు ఇంతకన్నా ఏం కావాలి?

ప్రొఫెసర్ గారే కాస్త దారి తప్పారు. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తున్నారు. "ఏమయ్యా, ఆ పద్యం దొరికిందా?"

"లైబ్రరీ అంతా వెతికించాను సార్," అంటున్నాను. "మీ పుస్తకాలే ఉన్నాయి."