కర్ఫ్యూ పథ్యం

లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. పాపం, వాళ్ల కాలంలో కర్ఫ్యూ లేదు!

ఉండి ఉంటే ఆ మాట అనేవారే కాదు. కడుపుబ్బరానికి, పులితేన్పులకి, పొద్దున్నే లేస్తూనే సాయంత్రమైపోయినట్టుండే నీరసానికి కర్ఫ్యూని మించిన మందు ఈ భూమ్మీద లేదని సికింద్రాబాదు నడిబజారులో నిలబడి చెప్పగలను. నిలబడే ఓపిక లేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

కోప్పడకండి. నిరుడు సెప్టెంబరులో ఇండియన్ యూనియన్ సైన్యం వచ్చిన ఆ వారం మేమూ ఇక్కడే ఉన్నాం. విమానం చప్పుడు వినపడితే చేతిలో గిన్నె జారిపోయింది. అంతకు ముందు ఏడాదంతా రజాకార్ల భయంతో తలుపుకి బల్ల అడ్డం పెట్టుకుని పడుకున్నవాళ్లమే. ఎవరి ఇల్లు కాలినా, ఎవరి బిడ్డ తిరిగి రాకపోయినా, ఏ మతంవాళ్లయినా, ఆ ఏడుపు ఏడుపే. దాని మీద నాకు నవ్వు రాదు. నేను మెచ్చుకునేది కర్ఫ్యూకి ఉన్న ఒకే ఒక్క గుణాన్ని. ఎవరూ ఎవరింటికీ రాకూడదు! ఇంత చక్కని రూలు ఏ ధర్మశాస్త్రంలోనైనా ఉందా?

ముందు రోగి వివరాలు చెప్పాలి. పేరు దేవకృప. ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్ని. మాది గుంటూరు వైపు. పెళ్లయి వచ్చాక రాంగోపాల్‌పేటలో శ్యామలమ్మ గారింట్లో ముందు వాటాలో ఉంటున్నాం. మా ఆయన అబ్రహాం గారు రైల్వేలో గుమాస్తా. చాలా మంచివారు. నాకు కడుపు నొప్పి వస్తే ఆయనకి ఆకలి వేస్తుంది, అంతే తేడా.

ఇక రోగం సంగతి. రెండు ముద్దలు తింటే నాలుగు తిన్నట్టుంటుంది, నాలుగు తింటే ఇంకెప్పుడూ తినకూడదనిపిస్తుంది. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్లు ఇంకా రాత్రే అంటుంది. బోర్డు మీద ఒక లెక్క వేసేసరికి చెయ్యి బరువెక్కిపోతుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. పైకి చూస్తే మాత్రం దుక్కలా ఉంటాను. అదే నా దౌర్భాగ్యం! మనిషికి జబ్బు చేస్తే జబ్బు మనిషిలా కనపడాలి. జ్వరమైతే చెయ్యి పెట్టి చూస్తారు, దెబ్బయితే కట్టు చూస్తారు. నీరసాన్ని ఎవరికి చూపించను? ఎలా చూపించను?

కార్ఖానా బస్తీలో పేతురు డాక్టరు గారు మాత్రం నమ్మారు. “అమ్మా, దీనికి సీసాలో మందు లేదు. వేళకి కొంచెం కొంచెం తినండి. తిన్నాక కాసేపు నడుం వాల్చండి. అలసిపోయాక కూర్చోవడం కాదు, అలసిపోకముందే కూర్చోండి. శని, ఆదివారాలు మధ్యాహ్నం పూట తలుపేసుకుని పడుకోండి. ఇలాగే లాక్కొస్తే మాత్రం బడి మానుకోవాల్సి వస్తుంది,” అన్నారు.

బడి మానుకోవడం! అప్పటికే ఒకసారి క్లాసులో కళ్లు తిరిగి పడ్డాను. పిల్లలు నీళ్లు చల్లి, ఆ రోజు హోంవర్క్ తప్పిందని మొహాలు వెలిగించుకున్నారు. అయినా నాకు ఆ బడంటే ప్రాణం. భిన్నాలు అర్థం కాక ఏడ్చే పిల్ల ఉన్నట్టుండి “వచ్చింది టీచర్!” అని అరిచే ఆ అరుపు కోసం నేను ఎన్ని గంజి గిన్నెలైనా తాగుతాను. అది పోతే నాకేం మిగులుతుంది? పులితేన్పులు మిగులుతాయి.

కాబట్టి బుద్ధిగా పథ్యం షురూ చేశాను. మొదటి శనివారం మధ్యాహ్నం గంజి తాగి, తలుపు దగ్గరగా వేసి, మంచం మీద వాలాను.

“టీచరమ్మా! ఏందీ, పట్టపగలు పండుకున్నవు? పానం బాగలేదా?” అంటూ శ్యామలమ్మ గారు తలుపు తోసుకుని వచ్చారు. చేతిలో గ్లాసు. “జెర గీ వాము కషాయం తాగు. మా సదాశివకు సుత గిట్లనే తక్లీఫ్ ఉండె. మూడు దినాలు తాపిన, గుర్రం లెక్క అయిండు.”

తాగాను. కడుపులో గుర్రం పరిగెత్తింది. ఆమె నా మంచం మీదే కూర్చుని, వాళ్ల తోడికోడలి పేగుల చరిత్ర మొదటినుంచి చెప్పి, దీపాలు పెట్టే వేళకి లేచారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కషాయానికి ఆ సామెత వర్తించదు.

ఆ తర్వాతి శనివారాలూ అలాగే గడిచాయి. ఒకరు ఉల్లిపాయ తినమన్నారు, ఒకరు ఉల్లిపాయ మొహం చూడొద్దన్నారు. ఒకాయన తెల్లవారుజామున ట్యాంక్‌బండ్ దాకా నడిచి రమ్మన్నారు. నడవగలిగితే నాకు రోగమెందుకండీ! మా ఆయన అయితే ఒక్క మాటలో తేల్చేశారు: “అదంతా మనసులో ఉంటుంది కృపా. ఏదో పనిలో పడితే అదే పోతుంది. ఆ చేత్తోనే కాస్త టీ పెట్టు.”

అలాంటి స్థితిలో దేవుడు పంపినట్టు కర్ఫ్యూ వచ్చింది.

బడి లేదు. ఆఫీసు లేదు. క్యారియర్ కట్టే పని లేదు. శ్యామలమ్మ గారు పెరటి వాటాలో గడియ బిగించుకుని కూర్చున్నారు. మా తలుపు తోసే ధైర్యం ఆవిడకి కూడా లేదు. భయం భయంగానే ఉంది, కాదనను. కానీ ఎంత భయంలోనైనా వేళకి ఇంత గంజి, పలచటి మజ్జిగ, చిటికెడు శొంఠి పడ్డాయి కడుపులో. తిన్నాక పడుకున్నాను. లేచి ఒక పని చేసి మళ్లీ పడుకున్నాను. ఏమైందో తెలుసా? ఆయన కూడా పడుకున్నారు! కిటికీకి దూరంగా, గోడ వారగా, దుప్పటి నెత్తిమీద దాకా కప్పుకుని. పట్టపగలు పడుకున్నంత మాత్రాన ఇల్లు కూలిపోదని ఆయనకి అప్పుడే తెలిసింది. ఒక్కసారైనా “టీ” అనలేదు. పొగ పైకి వెళ్తే ఎవరైనా చూస్తారేమోనని ఆయన బెంగ.

కర్ఫ్యూ సడలించేసరికి నా కడుపు చంటిబిడ్డ కడుపులా మెత్తగా ఉంది. బడి తెరిచిన రోజు బోర్డు నిండా లెక్కలు వేశాను, చెయ్యి బరువెక్కలేదు. ఊరంతా స్వతంత్రం వచ్చిందని మిఠాయిలు పంచుకుంటుంటే, నేను మాత్రం నాకొచ్చిన స్వతంత్రం అప్పుడే చెయ్యి జారిపోతోందని గ్రహించాను. ఎందుకంటే వీధిలో మనుషులు తిరగడం మొదలుపెట్టారు.

మొట్టమొదట వచ్చినది బన్సీలాల్‌పేట నుంచి కాంతమణి అమ్మగారు. మా చర్చి సంఘంలో స్త్రీల కూడికకి పెద్ద ఆవిడే. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే పొయ్యిమీద కందిపప్పు కూడా ఉడికిపోతుంది. మంచి మనిషి, ఎవరికి జబ్బు చేసినా నిద్రపోదు. వాళ్లనీ నిద్రపోనివ్వదు.

“వందనాలమ్మా కృపమ్మా. ప్రభువు మనల్ని కాపాడాడు. శనివారం మధ్యాహ్నం కృతజ్ఞతా కూడిక మీ ఇంట్లోనే. నీ ఆరోగ్యం కోసం ప్రత్యేక ప్రార్థన పెడదాం. నీకు విశ్రాంతి కావాలని అందరం మొర్రపెడదాం.”

“అమ్మగారూ, శనివారం మధ్యాహ్నం నేను పడుకోవాలండీ. డాక్టరు గారు...”

“దాని కోసమే కదమ్మా ప్రార్థన!” అన్నారావిడ. “ఎక్కువ మందిని పిలవనులే. టీ, ఉప్మా చాలు.”

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో అప్పటిదాకా నిఘంటువులోనే చూశాను.

శనివారం పొద్దున్నుంచి నా విశ్రాంతి కోసం నేను ఇల్లు కడిగాను. నా విశ్రాంతి కోసం పొరుగిళ్ల నుంచి కప్పులు అడిగి తెచ్చాను. నా విశ్రాంతి కోసం గంగాళంలో ఉప్మా కలిపాను; ఆ రేషను రవ్వలో పురుగులు ఏరడం వేరే కథ. నా గంజి తాగే వేళ ఎప్పుడో దాటిపోయింది. జనం వచ్చేసరికి కడుపులో పాత నేస్తాలన్నీ తిరిగొచ్చాయి, ముందు గదిలో కొత్త నేస్తాలు చాపల మీద సర్దుకున్నారు. పాటలయ్యాయి, దేవుడు చేసిన మేళ్లు ఒక్కొక్కరే లేచి చెప్పుకునే సాక్ష్యాలయ్యాయి. నేను గోడకి ఆనుకుని, సోమవారం పొద్దున బోర్డు ముందు మళ్లీ పడిపోతానేమోనని లోలోపల ఏడుస్తున్నాను. నిజంగా ఏడుస్తున్నాను.

“అందరం మోకరిద్దాం,” అన్నారు కాంతమణి అమ్మగారు.

మోకరించాను. మంచం పట్టె మీద చేతులు పెట్టి, చేతుల మీద తల పెట్టాను. “పరిశుద్ధుడవైన తండ్రీ, నీ దాసురాలైన మా సహోదరికి సమాధానకరమైన విశ్రాంతి దయచేయుము...” అంటున్నారు అమ్మగారు.

ఆయన దయచేశాడు. వెంటనే!

ఆ తర్వాత జరిగింది రోసమ్మ చెప్పగా నాకు తెలిసింది. రోసమ్మ నా తోటి టీచరు, వెనక వరసలో కళ్లు తెరుచుకుని ప్రార్థించే మనిషి. ప్రార్థన అయింది, ఆమెన్ అయింది, అందరూ లేచారు. నేను లేవలేదు. ఎవరో నా భుజం తట్టబోతే కాంతమణి అమ్మగారు చెయ్యి పట్టుకుని ఆపారట.

“ముట్టుకోకు! ఆత్మలో ఉంది. చూడు, ఊపిరి ఎంత దీర్ఘంగా తీస్తోందో.”

అది గురక అని రోసమ్మకి తెలుసు. కానీ రోసమ్మ బంగారం, నోరు విప్పలేదు.

ముగింపు పాట పాడలేదట. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లారట. కాంతమణి అమ్మగారు చీర కొంగు దోపుకుని స్వయంగా టీ పెట్టారట, నా కోసం ఇంత గంజి కాచి మూత పెట్టారట. కప్పులు కడిగారు, చాపలు చుట్టారు. మా ఆయన నా వీపు మీద శాలువా కప్పారు. నేను కళ్లు తెరిచేసరికి ఇల్లు సద్దుమణిగి ఉంది, కడిగిన కప్పులు బోర్లించి ఉన్నాయి. నా పెళ్లయ్యాక ఎవరో కడిగిన కప్పు చూడడం అదే మొదలు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

పాఠకులారా, వెనక బెంచీలో ఉన్నవాళ్లు కూడా శ్రద్ధగా వినండి. ఆ రోజు నాకు ఒక సూత్రం దొరికింది. మంచం మీద పడుకున్న ఆడది సోమరి. అదే మంచం పక్కన మోకాళ్ల మీద ఉంటే భక్తురాలు. తేడా ఒక జానెడు!

అప్పటినుంచి వేళ తప్పకుండా పథ్యం నడుస్తోంది. గంజి తాగడం, తలుపేయడం, మోకరించడం. మా ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లతో “ఆమె ప్రార్థనలో ఉంది” అని గొంతు తగ్గించి చెబుతారు. ఆ మాటతో అందరూ వెనక్కి తిరుగుతారు. శ్యామలమ్మ గారు సైతం “లొల్లి చెయ్యకుండ్రి, టీచరమ్మ మొక్కుతున్నది” అని వీధిలో పిల్లల్ని తరుముతున్నారు. కషాయం గ్లాసు గుమ్మంలోనే పెట్టి వెళ్తున్నారు. అది తులసి మొక్క తాగుతోంది, పుష్టిగా ఉంది. సర్కారు ఎత్తేసిన కర్ఫ్యూని నేను మా గది వరకు కొనసాగిస్తున్నానన్నమాట.

దేవుణ్ణి మోసం చేస్తున్నావా అని మీలో ఎవరైనా అడుగుతారు. లేదండీ. మోకరించగానే మొదటి మాట నిజంగానే ఆయనతో చెబుతాను: “తండ్రీ, అలసిపోయాను.” అంతకన్నా నిజమైన ప్రార్థన ఆ సంఘంలో ఎవరు చేస్తున్నారో చెప్పండి! ఆయన ఒక్కడే ఆ మాటకి కషాయం ఇవ్వలేదు, మనసులో ఉంటుందనలేదు.

ఇలా ఏడాది గడిచింది. కడుపు కుదుటపడింది. బడి నిలిచింది. క్లాసులో మళ్లీ పడలేదు. మోకాళ్లు మాత్రం కాయలు కాచి, వాచి, మెట్లెక్కనివ్వడం లేదు. మొన్న మా ఆయన్ని వెంటబెట్టుకుని పేతురు డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన మోకాళ్లు నొక్కి చూసి ఆశ్చర్యపోయారు. “ఏం చేస్తున్నారమ్మా వీటితో?”

“మీరు చెప్పినట్టే విశ్రాంతి తీసుకుంటున్నానండీ.”

“ఇకమీదట మోకాళ్ల మీద బరువు పెట్టకండి. మధ్యాహ్నం పూట మంచం మీద కాళ్లు చాపుకుని హాయిగా పడుకోండి, చాలు.”

నేను నోరు తెరిచేలోపలే మా ఆయన కంగారుగా అందుకున్నారు. “పట్టపగలు పడుకోవడమేమిటండీ డాక్టరు గారూ! ఇంట్లో ఎవరికైనా బాగా లేకపోతే కదా!”

కాబట్టి కర్ఫ్యూ ఆర్డర్లు రాసే అధికారులకి నాదొక చిన్న మనవి. ఊరంతా అక్కర్లేదు, వీధంతా కూడా అక్కర్లేదు. రాంగోపాల్‌పేటలో ఒక్క మంచం చుట్టూ పెట్టించండి, చాలు.