‘చాలు’ ఎప్పుడనాలి?

సబ్బుల ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్లుగా పాకం కాస్తున్న మేస్త్రి ఆ శుక్రవారం రిటైరవుతాడు. మంగళవారం ఉదయం మేనేజరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది: మేస్త్రి బుర్రలో ఉన్నదంతా సాయంత్రం అయిదు లోపల నోటుబుక్కులోకి దింపించాలి. ఫ్యాక్టరీకి ఆసుపత్రి ఆర్డరు ఒక్కటే మిగిలింది. అదీ పోతే గేటుకి తాళమే.

రాసే పని మేస్త్రి మేనల్లుడి మీద పడింది. మామ తర్వాత తెడ్డు పట్టవలసింది అతనే మరి.

"మావయ్యా, పాకం అయిందని నీకెలా తెలుస్తుంది?"

"అయినప్పుడు తెలుస్తుందిరా."

"అదే రాస్తే మేనేజరు నన్ను నమిలేస్తాడు. ఎన్ని నిమిషాలో చెప్పు."

"ఎండ కాస్తే ఒకలా, ముసురు పడితే ఒకలా. నూనె పాతదైతే ఇంకోలా. నా ప్రాణం తియ్యకు, చూసి రాసుకో."

మేనల్లుడు దేన్నీ వదల్లేదు. మేస్త్రి నాలుగుసార్లు కలిపాడు, ముక్కు ఎగబీల్చాడు, నడుం పట్టుకున్నాడు, "మొద్దు వెధవా, పక్కకి జరుగు" అన్నాడు, "చాలు" అన్నాడు. మేనేజరు అంతా చదివి, నడుం ఎంతసేపు పట్టుకోవాలో స్పష్టం చేయమని ఎర్రసిరాతో రాశాడు.

బుధవారం మేస్త్రికి సెలవిచ్చి, పుస్తకం ప్రకారం పాకం పెట్టారు. మేనల్లుడు సరిగ్గా ఏడు సెకన్లు నడుం పట్టుకున్నాడు. తిట్టవలసిన ఘట్టం రాగానే మేనేజరే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అనవయ్యా, ఫర్వాలేదు."

"మొద్దు వెధవా, పక్కకి జరగండి సార్."

"సార్ అని పుస్తకంలో లేదు."

సబ్బు చెప్పు అట్టలా వచ్చింది.

ఇక ఒక్క పాకానికే నూనె ఉంది. గురువారం మేనేజరు స్వయంగా వెళ్లి మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. "మీరేమీ మార్చకండి. రోజూ చేసినట్టే చేయండి. ఏం చేస్తున్నారో పైకి చెబుతూ చేయండి, అంతే."

మేస్త్రి తెడ్డు పట్టాడు. "కలుపుతున్నాను... వాసన చూస్తున్నాను..." అని ఆగిపోయాడు. ఏ వాసన కోసం చూస్తున్నాడో ముప్ఫై రెండేళ్లలో మొదటిసారి ఆలోచించాడు.

"మావయ్యా, అయిందా?"

"ఏమోరా. మొన్న ‘చాలు’ ఎప్పుడన్నాను?"

మేనల్లుడు పేజీలు తిరగేసేలోపు పాకం విరిగిపోయింది.

ఆసుపత్రివాళ్లు సబ్బులు ఇంకోచోట కొనుక్కున్నారు. శుక్రవారం మేస్త్రితోపాటు ఫ్యాక్టరీ కూడా రిటైరైంది. మేనల్లుడు ఉద్యోగం వెతుక్కోవడానికి బయలుదేరాడు.

ఆ సాయంత్రం మేస్త్రి వంటింటి గుమ్మంలో దిగులుగా చతికిలబడి, కూరలో ఉప్పు వేయబోతున్న భార్యను చూశాడు.

"అవునూ, ఇంత వేస్తే చాలని నీకెలా తెలుస్తుందే?"

"ఇదేం ప్రశ్నండీ, చేతికి తెలీదూ?" అంటూ ఆవిడ తన చేతికేసి చూసుకుంది. చాలాసేపే చూసుకుంది.

మర్నాటి నుంచీ ఆ ఇంట్లో ఉప్పు డబ్బా భోజనాల బల్ల మీదే ఉంటోంది.